తండయారుపేట చేతిపంపు

నిరుడు కార్తీక మాసంలో, వానలు కాస్త తెరిపిచ్చాక, టైఫాయిడ్ నుంచి కోలుకుంటున్న పిన్ని మనవణ్ణి చూడడానికి నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళాను. పిన్నివాళ్ళు తండయారుపేటలో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళు.

జ్వరానికి ముందురోజు పిల్లవాడు తిన్న బజ్జీలే కొంప ముంచాయని పిన్ని నమ్మకం. టైఫాయిడ్ క్రిమి కడుపులో చేరాక జ్వరం బయటపడడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది కనుక, ఆ బండివాణ్ణి తప్పుపట్టడం నాకు న్యాయమనిపించలేదు. కలరా కొన్ని గంటల్లోనే బయటపడవచ్చు. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లకు నెల రోజులైనా పట్టవచ్చు.

మర్నాడు తెల్లవారుజామున వాకిట్లో చేతిపంపు దగ్గర నిలబడ్డాను. అది వీధి గొట్టానికి బిగించిన పంపు. కొట్టగానే మొదట గాలి గుర్రుమంది. ఆ వెనక బూడిదరంగు నీళ్ళు మురుగు వాసనతో వచ్చాయి.

"మొదటి రెండు బిందెలూ పారబోస్తాం నాయనా, తర్వాత తేటగానే వస్తాయి" అంది పిన్ని.

గొట్టంలో ఒత్తిడి లేని వేళ పంపు కొడితే, పగుళ్ళ గుండా చుట్టుపక్కల మురుగు లోపలికి లాక్కుంటుంది. నీరు తేటపడినంత మాత్రాన క్రిములు పోవు. మా కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్ల కాలువలో సరిహద్దు దాటి, చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరి, 1996 నుంచి ఈ నగరం దాహం తీరుస్తున్న కృష్ణా జలాలు, శుద్ధి కూడా అయ్యాక, గడప ముందు చివరి నాలుగు బారల్లో పాడైపోవడం నన్ను ఎంతో బాధించింది.

కాసేపటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త చిన్న గాజుగొట్టంలో ఆ నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసింది. క్లోరిన్ మిగిలి ఉంటే పసుపు రంగు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. నీళ్ళు రంగు మారలేదు. మురుగు కలిస్తే ఉన్న క్లోరిన్ కాస్తా దానికే ఖర్చయిపోతుందని, తెర్లేదాకా కాచిన నీళ్ళే తాగాలని, జ్వరం తగ్గినా పిల్లవాడికి మాత్రలు ఆపవద్దని ఆమె ఓపికగా చెప్పింది. కోలుకున్నాక కూడా కొందరి మలంలో క్రిమి వారాల తరబడి వెలువడుతుంది కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోవడం గురించి పిన్నికి మళ్ళీ మళ్ళీ చెప్పింది.

సాయంత్రానికి గొట్టం మార్చడానికి వీధి తవ్వారు. కొత్త మంచినీటి గొట్టాన్ని కూడా అదే గుంతలో, చెమ్మ ఊరుతున్న మురుగు గొట్టానికి జానెడు దూరంలో దించుతుంటే, జరిపి వేయమని నేనూ వీధివాళ్ళూ పనివాళ్ళను గట్టిగా అడిగాం.