థ్రిల్లర్‌లో ఇల్లు కూడా ఒక క్యారెక్టరే
రాత్రి మళ్ళీ హిచ్‌కాక్ సైకో చూశాను, 1960 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, అయినా కొండ మీద ఆ ఇల్లు కనపడగానే ఒళ్ళు జలదరించింది. కింద పొడుగ్గా మోటెల్, పైన నిటారుగా ఇల్లు, ఆ కిటికీలోంచి ఎవరో మనల్నే చూస్తున్నట్టు, డైలాగే అక్కర్లేదు. ఇంక ఆఫీసు వెనక గదిలో ఆ చచ్చిన పక్షులు, లోపల ఏదో కూరి బతికున్నట్టు నిలబెట్టినవి, ఆ మోటెల్ నడిపే నార్మన్ మెత్తగా మాట్లాడుతూనే ఉంటాడు, పైన గుడ్లగూబ రెక్కలు చాపి ఉంటుంది, మనం వాడి మాట వినాలా దాన్ని చూడాలా తెలీదు.

అలాంటి థ్రిల్లర్‌కి మన వైజాగ్ బీచ్ రోడ్‌లో, మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, 91 మీటర్ల పొడుగు, లోపల వంగి దాటాల్సిన గుండ్రటి తలుపులు, ఎదురుగా ఎవరైనా వస్తే ఒదిగి నిలబడాలి, పారిపోడానికి దారే ఉండదు. అందులో ఒక వాల్వ్ చక్రం దానంతటదే కొంచెం తిరిగినట్టు ఒక్క షాట్ చాలు! మనోళ్ళేమో వైజాగ్ అంటే బీచ్‌లో పాట, కైలాసగిరి మీద డ్రోన్ షాట్, అంతే. ఎవరైనా తియ్యండి బాబూ, జగదాంబలో ఫస్ట్ డే మార్నింగ్ షోకి నేనుంటా.