సాలివరీ గ్లాండ్ క్యాన్సర్లు: రెండో అటెంప్ట్‌లో నాకు ఎలా ఎక్కాయంటే

మెడికల్ పీజీ ఎంట్రన్స్ మొదటి అటెంప్ట్‌లో సాలివరీ గ్లాండ్ (లాలాజల గ్రంథి) క్యాన్సర్ల టాపిక్‌ని దాదాపు వదిలేశాను. వస్తే గిస్తే ఒక ప్రశ్న, దానికోసం ఇన్ని పేర్లు బట్టీ పట్టాలా అనుకున్నా. తీరా ఒక గ్రాండ్ టెస్ట్‌లో (మాక్ పరీక్ష) పరోటిడ్‌లో, అంటే చెవి ముందుండే పెద్ద లాలాజల గ్రంథిలో, ఎక్కువగా వచ్చే ట్యూమర్ ఏదంటే మ్యూకోఎపిడర్మాయిడ్ కార్సినోమా పెట్టేశాను. అది మాలిగ్నెంట్ (క్యాన్సర్) వాటిలో మొదటిది. అడిగింది మొత్తం ట్యూమర్లలో, అంటే ప్లియోమార్ఫిక్ అడినోమా అనే బినైన్ (క్యాన్సర్ కాని) గడ్డ. రావాల్సిన 4 పోయాయి, పైగా 1 కోత.

రెండోసారి పేర్లు పక్కనపెట్టి గ్లాండ్ నుంచి మొదలుపెట్టాను. గ్లాండ్ ఎంత చిన్నదైతే అందులో గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం అంత ఎక్కువ. పరోటిడ్ గడ్డల్లో సుమారు 80 శాతం బినైనే. దవడ కింద ఉండే సబ్‌మాండిబులర్‌కి వస్తే ఇంచుమించు సగం సగం. అంగిట్లో ఉండే మైనర్ గ్లాండ్స్‌లో మాలిగ్నెంట్‌దే పైచేయి, అక్కడ అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా గుర్తు రావాలి.

ఆ పేరు నాకు ఎప్పటికీ మరుపు రాదు. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా ఈఎన్‌టీ ఓపీకి ఒక మామ్మగారు వచ్చారు. "మూతి పక్కకి పోయింది బాబూ, పక్షవాతమేమో" అన్నారు. చెవి ముందు గడ్డ ఏళ్ల తరబడి ఉందట, నొప్పి లేదు కదా అని ఊరుకున్నారట. నేను కేస్ షీట్‌లో బెల్స్ పాల్సీ (కారణం తెలియకుండా ముఖ నరం పడిపోవడం) అని రాయబోతుంటే పీజీ అన్న పెన్ను లాక్కుని "మరి గడ్డ ఎవరిదిరా?" అన్నాడు. ఎఫ్ఎన్ఏసీలో (సన్న సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) అడినాయిడ్ సిస్టిక్ అని వచ్చింది. బినైన్ గడ్డ ఎంత పెరిగినా పరోటిడ్ గుండా వెళ్లే ఫేషియల్ నెర్వ్‌ని (ముఖ నరం) పడగొట్టడం చాలా అరుదు. అడినాయిడ్ సిస్టిక్ మాత్రం నరం వెంట పాకుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది, ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో తేలుతుంది. అందుకే ఇందులో ఐదేళ్ల సర్వైవల్ బాగుందని చూసి మోసపోకండి, పదిహేనేళ్లకి అది బాగా పడిపోతుంది. మైక్రోస్కోప్ స్లైడ్ ఇస్తే చిల్లుల జల్లెడలా ఉంటుంది.

ట్రీట్‌మెంట్‌లో ముందు సర్జరీయే. ఆపరేషన్‌కి ముందు నరం పనిచేస్తూ, ట్యూమర్ దాన్ని పట్టుకోకుండా ఉంటే కాపాడాలి. మామ్మగారిలా ముందే పడిపోయి ఉంటే ఆ నరాన్ని త్యాగం చేసి గ్రాఫ్ట్ (వేరే చోటి నరం ముక్క) వేస్తారు. హై గ్రేడ్ (దూకుడు రకం), మార్జిన్ పాజిటివ్ (కోసిన అంచులో క్యాన్సర్ మిగలడం), పెరిన్యూరల్ ఇన్వేజన్ (నరం చుట్టూ పాకడం), నోడ్స్ (లింఫ్ గ్రంథుల్లోకి పాకడం) వీటిలో ఏదున్నా తర్వాత రేడియేషన్. కీమో పాత్ర తక్కువ, ఆప్షన్లలో కనబడగానే టెంప్ట్ అవకండి.

ఏ క్యాన్సర్‌లో ఏ రెండు జీన్లు అతుక్కుంటాయో మాత్రం బట్టీయే, వేరే దారి దొరకలేదు. హాస్టల్ బీరువా తలుపు మీద రాసుకున్నా: మ్యూకోఎపిడర్మాయిడ్‌కి సీఆర్‌టీసీ1-ఎంఏఎంఎల్2, అడినాయిడ్ సిస్టిక్‌కి ఎంవైబీ-ఎన్ఎఫ్ఐబీ, సెక్రిటరీ కార్సినోమాకి ఈటీవీ6-ఎన్‌టీఆర్‌కే3. చివరిదాన్ని 2010లో కొత్తగా వర్ణించారు. అందులోని జీన్ జోడీ మీద పనిచేసే లారోట్రెక్టినిబ్ అనే మందుకి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. సాలివరీ డక్ట్ కార్సినోమా అయితే రొమ్ము క్యాన్సర్‌ పోలికే, అందుకే హెర్2 అనే ప్రోటీన్ ఉందా అని చూస్తారు. ఆండ్రోజెన్ (మగ హార్మోన్) రిసెప్టర్ కూడా చూస్తారు.

పరీక్షలో ఇందులోంచి ఏమైనా వచ్చిందా అని మెసేజ్‌లు పెట్టకండి, బయటపెట్టనని సంతకం పెట్టి వచ్చాను.