నైట్ షిఫ్టు చలికాలం, లాల్‌బాగ్‌లో ఒక మంగళవారం

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. దాని ప్రభావం బెంగళూరులో అమెరికా వేళలకు నైట్ షిఫ్టు చేసే మాలాంటి వాళ్ల మీద పడుతుంది. అప్పటిదాకా సాయంత్రం ఆరున్నరకు మొదలై తెల్లవారుజామున మూడున్నరకు అయిపోయే డ్యూటీ, ఆ వారం నుంచి ఏడున్నరకు మొదలై నాలుగున్నరకు అవుతుంది. చెప్పుకోవడానికి గంటే గానీ, గడవనిది ఆ చివరి గంటే. మనిషి ఒంట్లో వేడి బాగా తగ్గేది సరిగ్గా తెల్లవారుజామునే. బయట చలి, లోపల ఏసీ, ఒళ్లేమో దుప్పటి అడుగుతుంటుంది.

నేను అమెరికా ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే టీములో చేస్తాను. మాకు జనవరి అంటే పీకల మీదకు వచ్చే నెల. అక్కడి ప్రతి ఉద్యోగికీ జనవరి 31 లోపు డబ్ల్యూ-2 ఫారం, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం అందాలి. అందుకే 2025 సంక్రాంతికి కూడా నాకు సెలవు దొరకలేదు. మాది కడియం పక్క ఊరు. భోగి మంట ఫొటోలు ఫోన్లో వస్తుంటే నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరిదో పన్ను కోత లెక్క సరిచేస్తున్నాను. ఆ రాత్రి ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి.

చలికాలం నైట్ షిఫ్టు నెట్టుకురావడానికి నాకు పనికొచ్చినవి చెబుతాను. మొదటిది చీకటి. జనవరిలో బెంగళూరులో సూర్యుడు ఆరూ ముప్పావుకు గానీ రాడు. క్యాబ్ నన్ను బనశంకరిలో దింపేసరికి ఐదున్నర, అంటే ఇంకా చీకటే. ఆ చీకటి పోకముందే పడుకుంటే నిద్ర పట్టేస్తుంది. ఎండ కంట్లో పడిందా, ఒళ్లు పగలైపోయిందనుకుంటుంది, ఇక ఎంత దొర్లినా లాభం లేదు. కిటికీకి మందపాటి కర్టెన్ వేసి, దాని అంచుల్లోంచి వచ్చే వెలుగు సందుల్ని కూడా నల్లకాగితంతో మూసేశాను. పాలవాడికీ కొరియర్ అబ్బాయికీ బెల్లు కొట్టొద్దని తలుపు మీద రాసిపెట్టాను. ఒంటిగంటకు లేచి, ఓ అరగంట డాబా మీద ఎండలో కూర్చునేదాన్ని. తిండి విషయంలో, డ్యూటీకి వెళ్లేముందే కడుపునిండా అన్నం, అర్ధరాత్రి రెండు ఇడ్లీలు గానీ కాస్త ఉప్మా గానీ. రెండు దాటాక టీ ముట్టేదాన్ని కాదు. శాలువా, సాక్సులు, ఫ్లాస్కులో వేడినీళ్లు ఎప్పుడూ సీటు దగ్గరే ఉండేవి.

ఇంత చేసినా నెలల తరబడి పగలు సరిగ్గా చూడకపోతే మనసు మొద్దుబారుతుంది. సెలవు రోజంతా నిద్రపోతే అలసట తీరుతుందని మా టీములో చాలామంది నమ్మకం. నాకైతే అది పనిచేయలేదు. సెలవులో ఒక్క పూటైనా ఎండలో, మొక్కల మధ్య గడపాలి. అందుకే లాల్‌బాగ్ తోట పూల ప్రదర్శన మీద ముందునుంచీ కన్నేశాను. ఏడాదికి రెండుసార్లు, రిపబ్లిక్ డేకి ఒకటి, ఆగస్టు పదిహేనుకి ఒకటి పెడతారు. ఆ ఏడాది జనవరి 16 నుంచి 26 దాకా. జనవరి మూడో సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ పేరున సెలవు. ఆ ఏడాది అది 20న పడింది. శనివారం పొద్దున క్యాబ్ దిగితే మళ్లీ మంగళవారం సాయంత్రం దాకా నాదే రాజ్యం!

ఒక్కసారిగా నిద్ర తిప్పితే తలనొప్పి తప్పదు. అందుకని శనివారం తెల్లారి కొంచెమే పడుకుని మధ్యాహ్నం కాకముందే లేచాను. ఆ రాత్రి ఒంటిగంటకు, ఆదివారం పన్నెండుకు, సోమవారం పదిన్నరకు, అలా పడుకునే వేళను జరుపుకుంటూ వచ్చాను. శని, ఆదివారాల్లో లాల్‌బాగ్‌కు వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. పూలకన్నా జనం తలలే ఎక్కువ కనపడతాయి. మంగళవారం పొద్దున్నే మెట్రో ఎక్కితే బనశంకరి నుంచి నాలుగు స్టేషన్లే. పనిరోజు కాబట్టి ప్రదర్శన టికెట్ అప్పుడు ఎనభై రూపాయలు.

ఆ ఏడాది ఇతివృత్తం వాల్మీకి, రామాయణం. గాజింట్లో పూలతో వాల్మీకి బొమ్మ, పుట్ట చేశారు. ఆ గాజిల్లు 1889లో పునాది వేసి, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని చూసి కట్టింది. లోపల అందరూ సెల్ఫీల తొందరలో ఉన్నారు గానీ నా కళ్లు మాత్రం ఒక పనివాడి చేతుల మీదే ఉన్నాయి. అంచులు గోధుమరంగుకు తిరిగిన గులాబీల్ని ఒక్కొక్కటే పీకి బుట్టలో వేస్తున్నాడు. అదే కన్నంలో తాజా పువ్వు కాడను ఏటవాలుగా కోసి గుచ్చుతున్నాడు. పక్కనున్న చామంతుల జోలికి పోలేదు. చామంతి గులాబీలా తొందరగా వాడదు మరి. "రాత్రి కూడా చేశారా అన్నా?" అని నాకొచ్చిన కన్నడంలో అడిగితే నవ్వి తలూపాడు. ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

బయట కుండీల వరసల్లోనే నేను ఎక్కువసేపు ఉండిపోయాను. పెటూనియా, సాల్వియా, బంతి, ఆ పక్కన ఎర్రటి పాయిన్‌సెట్టియా. దాని ఎరుపంతా ఆకులదే. అసలు పువ్వులు మధ్యలో ఆవగింజలంత పసుపు బుడిపెలు. వంగి చూస్తే గానీ కనపడవు. అదీ చామంతీ ఒక జాతి కాకపోయినా ఒక విషయంలో ఒకటే. రెండింటికీ పొడుగు రాత్రి కావాలి. రాత్రి నిడివి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. మధ్యరాత్రి కాసేపు దీపం పడినా చాలు, అది ఇంకా రాత్రులు పొట్టిగానే ఉన్నాయనుకుని ఆకులు వేస్తూ పెరుగుతూ పోతుంది. మా కడియం నర్సరీల్లో చామంతి మడుల మీద రాత్రిళ్లు బల్బులు వేలాడదీసేది అందుకే. మొక్క కావలసినంత ఎదిగాక దీపాలు ఆపేస్తారు. ఆ తర్వాత ఇంచుమించు రెండు నెలలకు పూత. ఏ పండక్కి పువ్వు కావాలంటే దానికి వెనక్కి లెక్కేసుకుని దీపం ఆపడమే. చిన్నప్పుడు ఆ వెలుగులు చూసి తిరునాళ్లనుకునేదాన్ని.

ఆ కుండీల ముందు నిలబడి నాన్నకు వీడియో కాల్ చేశాను. నాన్న జీవితమంతా నర్సరీలోనే. పువ్వులు చూపిస్తుంటే, "పువ్వు సరేనమ్మా, కింద ఆకు చూపించు" అన్నారు. వంగి చూపించాను. అడుగున ఒక్క ఆకు కూడా పసుపెక్కలేదు, కొమ్మలు గుండ్రంగా సమానంగా లేచాయి. "తలలు ఎప్పటికప్పుడు గిల్లార్రా, లేకపోతే అలా గుబురుగా రాదు. మంచి చేయి" అన్నారు. నాన్న నోట ఆ మాట తేలిగ్గా రాదు. తర్వాత, "నిద్రపోతున్నావా సరిగ్గా?" అని అడిగారు. పోతున్నానని చెప్పాను. ఆ రోజుకు అది నిజమే.

పదకొండు అయ్యేసరికి బడి పిల్లలు వరసలుగా రావడం మొదలైంది, నేను బయటపడ్డాను. రాత్రికి మళ్లీ డ్యూటీ ఉంది కాబట్టి తిరుగు దారిలో టోపీ, నల్లద్దాలు పెట్టుకున్నాను. పన్నెండున్నరకు అన్నం తిని, ఒంటిగంటకు కర్టెన్ వేసుకుని పడుకుంటే ఐదింటి దాకా మెలకువ రాలేదు. ఆ రాత్రి డబ్ల్యూ-2 పని కుప్పలుగా వచ్చింది. అయినా నాలుగింటి చలి ఎప్పటిలా కుంగదీయలేదు. టీములో కొత్తగా చేరిన నెల్లూరు అమ్మాయి ఫొటోలు చూసి, "అక్కా, శనివారం నేనూ వెళ్తా" అంది. శనివారం వద్దు, శుక్రవారం సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్లమని చెప్పాను. లోపల ప్లాస్టిక్ వద్దంటారు కాబట్టి స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లమన్నాను. గురువారం రాత్రి డ్యూటీ నుంచి నేరుగా మాత్రం పోవద్దని, ముందు మూడు గంటలైనా పడుకోమని రెండుసార్లు చెప్పాను.