అనంతపురం ఎండలో కోపిపాడ్ల పెంపకం
సముద్రానికి ఇంత దూరంగా అనంతపురంలో మాండరిన్ అనే సముద్రపు చేపను పెంచాలంటే దానికి మేతయ్యే కోపిపాడ్లను (రొయ్యల్లాంటి అతిచిన్న నీటి జీవాలను) ఇంట్లోనే సాకుకోవడం మేలు. ఎందుకంటే ఆ చేప సాధారణంగా పొడిమేతను ముట్టదు, కదిలే జీవాలనే ఏరుకొని తింటుంది. లీటరు ఆర్‌వో నీటికి సుమారు 35 గ్రాముల సముద్రపు అక్వేరియం ఉప్పు కలిపి సీసాలో పోసి, సన్నని గాలి గొట్టంతో పెద్ద బుడగలు నెమ్మదిగా వదిలితే చాలు. కోపిపాడ్లకు మేతగా నానోక్లోరోప్సిస్ అనే సూక్ష్మ నాచును పోస్తే నీరు లేతాకుపచ్చగా మారుతుంది; అది తేటపడేదాకా మళ్లీ పోయకూడదు, ఎక్కువైతే నీరు కుళ్లుతుంది. మా వేసవిలో అసలు చిక్కు ఆవిరి: నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది, కనుక మొదటి నీటిమట్టం దగ్గర సీసాపై గీసిన గీత వరకు ఉప్పు కలపని ఆర్‌వో నీటినే పోయాలి. పక్కనుంచి టార్చి వేసి భూతద్దంతో చూస్తే టిగ్రియోపస్ అనే రకం కోపిపాడ్లలో ఆడదాని పొట్ట కింద గుడ్ల సంచి కనిపిస్తుంది. అలాంటివి దండిగా కనబడితేనే నేను కొంత నీటిని సన్నని జల్లెడలో వడకట్టి, చిక్కినవాటిని అక్వేరియంలోకి వదులుతాను.