లాక్టోజ్ లోపలికి రావాలి, విరగకూడదు

చాలామంది తల్లుల పాలలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే సంక్లిష్ట చక్కెర 2'-ఫ్యూకోసిల్‌లాక్టోజ్. పసిపిల్లల పాలపొడిలో కలిపేదాన్ని ఇప్పుడు ఈ. కోలై అనే బ్యాక్టీరియాతో తయారు చేస్తున్నారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి తెచ్చిన ఫుట్‌సీ జన్యువు లాక్టోజ్‌కి (పాల చక్కెరకి) ఫ్యూకోజ్ అనే చక్కెరని అతికిస్తుంది. అందరి దృష్టీ ఈ జన్యువు మీదే ఉంటుంది గానీ, ఇలా మార్చిన బ్యాక్టీరియా స్ట్రెయిన్‌ని ముంచేది మాత్రం లాక్టోజ్.

లాక్టోజ్‌ని విరిచే ఎంజైమ్‌కి జన్యువైన ల్యాక్‌జెడ్‌ని తీసేయాలి, లోపలికి తెచ్చే ల్యాక్‌వైని ఉంచాలి. రెండూ ఒకే ఒపెరాన్‌లో (ఒకే స్విచ్‌తో నడిచే జన్యువుల వరుసలో) ఉన్నాయి కాబట్టి ల్యాక్‌జెడ్‌ని అడ్డదిడ్డంగా కోస్తే వెనకున్న ల్యాక్‌వై కూడా మూగబోతుంది. ఇంకో చిక్కుంది. ఒపెరాన్‌ని తెరిచేది లాక్టోజ్ కాదు, ల్యాక్‌జెడ్ తయారుచేసే అల్లోలాక్టోజ్. ఆ ఎంజైమే లేనప్పుడు ఎంత లాక్టోజ్ పోసినా తలుపు తెరుచుకోదు. అల్లోలాక్టోజ్‌లా పనిచేసే ఐపీటీజీ అనే రసాయనం 0.1–0.2 మిల్లీమోలార్ వేయాలి, లేదా ల్యాక్‌వైని ఎప్పుడూ పనిచేసే ప్రమోటర్ (జన్యువుని నడిపే స్విచ్) కింద పెట్టాలి. ఎం15 రకం (ల్యాక్‌జెడ్‌లో కొంత ముక్కే పోయిన) స్ట్రెయిన్‌లో ల్యాక్‌జెడ్ ఆల్ఫా ముక్క ఉన్న పీయూసీ ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం) పెడితే ఎంజైమ్ మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది, లాక్టోజ్ కాస్తా తిండైపోతుంది. ఎక్స్-గాల్ (ల్యాక్‌జెడ్ విరిస్తే నీలమయ్యే పదార్థం) ప్లేటు మీద కాలనీ నీలంగా వస్తే అక్కడే ఆపేయండి.

ఫుట్‌సీ వాడుకునే ఫ్యూకోజ్ రూపమైన జీడీపీ-ఫ్యూకోజ్‌ని ఈ. కోలై తనకు తానే తయారుచేసుకుంటుంది, కానీ దాన్ని కొలానిక్ ఆమ్లం అనే జిగురుకి ఖర్చు పెడుతుంది. ఆ జిగురు తయారీని మొదలుపెట్టే డబ్ల్యూసీఏజే జన్యువుని తీసేస్తే ఆ దారి మూసుకుంటుంది. జీడీపీ-ఫ్యూకోజ్‌ని తయారుచేసే జన్యువులైన మాన్‌సీ, మాన్‌బీ, జీఎండీ, డబ్ల్యూసీఏజీలను పెంచితే సరఫరా పెరుగుతుంది. సరఫరా పెంచాక కాలనీలు జిగటగా వస్తుంటే డబ్ల్యూసీఏజే తీసివేత సరిగ్గా జరగలేదని అనుమానించాలి.

ఫెర్మెంటర్‌లో గ్లూకోజ్ వద్దు, గ్లిసరాల్ వాడండి. గ్లూకోజ్ ఉన్నంతసేపూ ల్యాక్‌వై లాక్టోజ్‌ని రానివ్వదు. 37 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, మొదట పోసిన గ్లిసరాల్ అయిపోయి కరిగిన ఆక్సిజన్ ఒక్కసారిగా పైకి లేచినప్పుడు 28–30కి దించి, ఐపీటీజీ వేసి, గ్లిసరాల్ ఫీడ్ మొదలుపెట్టి, ఆ తర్వాత లాక్టోజ్ ఇవ్వాలి. వేడి తగ్గించకపోతే ఫుట్‌సీ సరిగ్గా మడత పడక కరగని ముద్దలుగా పేరుకుంటుంది. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాతో నిలపాలి. గ్లిసరాల్ ఫీడ్ తొందరపెడితే అసిటేట్ పేరుకుని పెరుగుదల మందగిస్తుంది. లాక్టోజ్ ఫీడ్‌ని వెచ్చగా ఉంచాలి, చల్లారితే స్ఫటికాలు కట్టి గొట్టం మూసుకుపోతుంది.

లెక్క చూస్తే, లాక్టోజ్ అణుభారం 342, ఉత్పత్తిది 488. అంటే గ్రాము లాక్టోజ్‌కి గరిష్ఠంగా 1.43 గ్రాముల ఉత్పత్తి. అంతకంటే బాగా తక్కువొస్తే మిగతా లాక్టోజ్ ఎటు పోయిందో వెతకాలి. లాక్టోజ్ పూర్తిగా అయిపోతే ఫుట్‌సీ తయారైన చక్కెరకే రెండో ఫ్యూకోజ్ అతికించి డైఫ్యూకోసిల్‌లాక్టోజ్ చేస్తుంది. కాబట్టి చివరిదాకా కొంచెం మిగలనివ్వడమే మేలు.

మిగిలిన లాక్టోజ్ నానోఫిల్టర్‌కి (అణువులని పరిమాణాన్ని బట్టి వేరుచేసే జల్లెడకి) మొండికేస్తుంది, ఉత్పత్తితో పోలిస్తే దాని పరిమాణం మరీ చిన్నదేమీ కాదు. కణాలు తీసేశాక లాక్టేజ్ (లాక్టోజ్‌ని విరిచే ఎంజైమ్) వేస్తే లాక్టోజ్ గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విరిగి సులువుగా బయటికి పోతుంది. ఫ్యూకోజ్ అడ్డుగా ఉండటం వల్ల మన చక్కెరను లాక్టేజ్ ముట్టుకోదు.