నకురు సరస్సు: నీళ్లలో నిలబడ్డ చెట్లు

పొద్దున 6:30. కెన్యాలోని నకురు సరస్సు ఒడ్డున బండి ఇంజన్ ఆపేశారు. ఎదురుగా నీళ్లలో ఎండిపోయిన తుమ్మజాతి చెట్లు, మోడుల మీద నీటికాకులు. ఫ్లెమింగోలు మాత్రం ఎక్కడో దూరంగా, సన్నటి గులాబీ గీతలా.

2010 తర్వాత నీరు పెరిగి పార్కు పాత గేటు కూడా మునిగింది. నీరు పెరిగితే క్షారం పలచబడి స్పిరులినా నాచు తగ్గుతుంది. ఫ్లెమింగోల్లో చిన్న జాతికి (లెసర్ ఫ్లెమింగో) అదే తిండి. అందుకే చాలా గుంపులు బొగోరియా సరస్సుకి మారిపోయాయి. ఆ గులాబీ తీరం కోసమే కెన్యా వచ్చేవాళ్లు అక్కడికీ ఒక రోజు పెట్టుకోండి.

ఖడ్గమృగాలకి మాత్రం నకురూనే. తెల్లదానికి మూతి వెడల్పు, తలవంచి గడ్డి మేస్తుంది. నల్లదానికి పై పెదవి కొక్కెంలా ఉంటుంది, దాంతో కొమ్మల్ని పట్టి లాక్కుంటుంది. పొదల్లోనే ఉంటుంది కాబట్టి ఓపిక కావాలి.

ఇవాళ ఒక తల్లీ పిల్లా, 30 అడుగుల దూరంలో. గడ్డి పరపరా తెంపే చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.