"అక్కా, ఈ టైమ్ మనదా, యూటీసీనా?"

మా టీమ్‌లో అందరూ కోడింగ్ ఏజెంట్ (చెప్పిన పనికి తనే కోడ్ చదివి, మార్చే ఏఐ) వాడడం మొదలుపెట్టాక, మా సర్వర్ లాగ్స్ (సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే రికార్డులు), టెస్టులు, డిప్లాయ్‌మెంట్ వివరాలు దానికి అందేలా చేసే పని నాకు అప్పగించారు. ఏఐని బయటి టూల్స్, డేటాతో కలపడానికి ఏఐ సంస్థ ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో ఒక చిన్న సర్వర్ రాశాను. పైథాన్‌లో ఇది తేలికే. మామూలు ఫంక్షన్ రాసి, పైన డెకొరేటర్ అనే ఒక లైను పెడితే అది ఏజెంట్ పిలిచి వాడుకునే టూల్ అయిపోతుంది. ఆ ఫంక్షన్ ఏం చేస్తుందో అందులో రాసే డాక్‌స్ట్రింగే వివరణగా ఏజెంట్‌కి వెళ్తుంది. రెండు రోజుల్లో ఏడు టూల్స్ సిద్ధం చేశాను. ఒక్కోదానికి ఒక్క లైను వివరణ. లాగ్స్ టూల్‌కి రాసింది ఇంతే: "ఇచ్చిన టైమ్ మధ్య లాగ్స్ వెతుకుతుంది."

వారం తిరక్కుండానే సమస్య వచ్చిపడింది. ముందురోజు రాత్రి 11 గంటలకు పేమెంట్ సర్వీస్‌లో ఎర్రర్లు వచ్చాయని, కారణం చూడమని మా సహోద్యోగి ఒకరు ఏజెంట్‌కి చెప్పారు. అది 23:00 నుంచి 23:30 వరకు వెతికింది. ఖాళీ జాబితా వచ్చింది. ఆ టైమ్‌లో ఎర్రర్లేమీ లేవని తేల్చేసుకుని, తప్పు ఇంకెక్కడో ఉందనుకుని, శుభ్రంగా పనిచేస్తున్న రీట్రై కోడ్‌ని (విఫలమైతే మళ్లీ ప్రయత్నించేదాన్ని) మార్చేసింది. రివ్యూలో కంటపడింది కాబట్టి సరిపోయింది.

మొదట నేను అనుమానించింది మోడల్‌నే. ఇంకా పెద్ద మోడల్ పెట్టి చూస్తే అదీ అలాగే చేసింది. అప్పుడు కొత్తగా చేరిన జూనియర్‌ని కూర్చోబెట్టి, ఏజెంట్‌కి ఏం కనిపిస్తుందో అవే చూపించాను: టూల్ పేరు, వివరణ, పారామీటర్లు (టూల్‌కి ఇవ్వాల్సిన విలువలు). కోడ్ చూపించలేదు, ఎందుకంటే ఏజెంట్‌కీ అది కనిపించదు. "రాత్రి 11 నాటి ఎర్రర్లు కావాలంటే ఎలా పిలుస్తావు?" అని అడిగాను.

ఆ అమ్మాయి అర నిమిషం చూసి, "అక్కా, ఈ టైమ్ మనదా, యూటీసీనా?" అంది.

మా లాగ్స్ అన్నీ యూటీసీలోనే, అంటే మన కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే ఉంటాయి. మన రాత్రి 11 అంటే అక్కడ సాయంత్రం 5:30. ఏజెంట్ చూసింది మన తెల్లవారుజాము 4:30 నాటి లాగ్స్! మా అందరికీ ఇది ఎంత అలవాటైన విషయమంటే, రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. జూనియర్‌కి అడగడానికి నేను పక్కనే ఉన్నాను. ఏజెంట్ మాత్రం తనకు తోచిన అర్థం తీసుకుని ముందుకెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే వివరణ మళ్లీ రాశాను:

"నడుస్తున్న సర్వీసుల లాగ్స్ వెతుకుతుంది. టైమ్ యూటీసీలో ఇవ్వాలి. యూజర్ భారత కాలమానంలో చెబితే 5 గంటల 30 నిమిషాలు తీసేయాలి. ఉదాహరణ: రాత్రి 11:00 అంటే 17:30. గత 14 రోజుల లాగ్స్ మాత్రమే ఉంటాయి. సోర్స్ కోడ్‌లో వెతకడానికి ఇది వాడకూడదు, దానికి కోడ్ సెర్చ్ టూల్ ఉంది."

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. రెండు సెర్చ్ టూల్స్‌కీ వివరణ దాదాపు ఒకేలా ఉండడంతో ఏజెంట్ ఒకదానికి బదులు ఇంకోటి పిలిచేది. పారామీటర్ పేరు కూడా మార్చాను: ఉత్త "స్టార్ట్" కాదు, "స్టార్ట్_యూటీసీ". సర్వీస్ పేరు ఇష్టమొచ్చినట్టు ఇవ్వకుండా, ఉన్న పేర్లన్నీ స్కీమాలో (టూల్ ఏ విలువలు తీసుకుంటుందో చెప్పే నిర్వచనంలో) పెట్టాను. అన్నిటికంటే మేలు చేసిన మార్పు మాత్రం ఖాళీ జాబితా తీసేయడం. ఇప్పుడు ఏమీ దొరక్కపోతే, ఏ సర్వీస్‌లో, యూటీసీలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వెతికిందో, అది మన టైమ్‌లో ఎంతో టూల్ చెబుతుంది. ఏజెంట్ పొరపాటున తప్పు టైమ్ ఇచ్చినా, ఆ జవాబు చదివి తనే సరిచేసుకుంటోంది.

టెస్టులు నడిపే టూల్‌కి ఆంత్రోపిక్ ఇంజనీర్లు రాసిన అనుభవం పనికొచ్చింది. వాళ్ల ఏజెంట్ రూట్ డైరెక్టరీ (ప్రాజెక్ట్ ప్రధాన ఫోల్డర్) దాటి వెళ్లాక రిలేటివ్ పాత్‌లతో (తానున్న ఫోల్డర్ నుంచి లెక్కించే ఫైల్ చిరునామాలతో) తప్పులు చేస్తుంటే, టూల్‌నే మార్చి ఎప్పుడూ పూర్తి పాత్ ఇవ్వాల్సిందే అన్నారట. నేనూ అదే చేశాను.

ఆ ఉత్సాహంలో ఒక టూల్‌కి రెండు పేజీల వివరణ రాసి, మధ్యలో "తప్పనిసరిగా వాడాలి" అని కూడా పెట్టాను. అవసరం ఉన్నా లేకపోయినా ఏజెంట్ దాన్నే పిలవసాగింది. పైగా వివరణలన్నీ కాంటెక్స్ట్‌లో, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగే టెక్స్ట్‌లో, చోటు తినేవే. కోసి, కోసి ఐదు వాక్యాలకు తెచ్చాను.

ఇప్పుడు ఏ కొత్త టూల్ రాసినా ముందు ఆ అమ్మాయికే ఇస్తున్నాను. నిన్న పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లే రోల్‌బ్యాక్ టూల్ ఇచ్చాను. చదివి, "అక్కా, దీంతో డేటాబేస్ మార్పులు కూడా వెనక్కి వెళ్తాయా?" అంది. వెళ్లవు. కోడ్ మాత్రమే పాత వెర్షన్‌కి వెళ్తుంది. ఆ వాక్యం చేర్చే వరకు ఆ టూల్‌ని ఏజెంట్‌కి ఇవ్వలేదు.